హోఫ్ దగ్గర గోడ కట్టిన పల్లె: మోడ్లారాయిట్, ఆ చుట్టుపక్కల

విశ్రాంతమాస్టారు | 13 ఆగస్టు, ఉదయం 7.10

అందరికీ నమస్కారం. మా అమ్మాయి జర్మనీలో హోఫ్ అనే ఊళ్లో చదువుతోంది. అక్టోబరు మధ్యలో నేను, మా ఆవిడ వెళ్లి మూడు వారాలు ఉండి రావాలని టికెట్లు తీసుకున్నాం. నేను ముప్ఫై మూడేళ్లు సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. బెర్లిన్ గోడ గురించి ఏటా ఒక పీరియడు చెప్పేవాణ్ణి గానీ కళ్లతో చూసింది లేదు. బెర్లిన్ తీసుకెళతామని బంధువులు అంటున్నారు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, అంత దూరం తిప్పలేను.

హోఫ్‌కు దగ్గర్లోనే చిన్న పల్లె ఒకటుందట, దాని నడిమధ్యగా బెర్లిన్‌లో లాంటి గోడే కట్టారట. పేరు మోడ్లారాయిట్. 1961 ఆగస్టు 13న బెర్లిన్‌లో గోడ మొదలుపెట్టారు కదా, ఇవాళ ఆ తేదీ చూసి ఈ సంగతి గుర్తొచ్చింది. ఇక్కడి గోడ కూడా అప్పుడు కట్టిందేనా? ఎవరైనా వెళ్లి చూశారా? చుట్టుపక్కల ఇంకేమి చూడవచ్చు? కోటలు, రాజుల పడకగదులు మాత్రం వద్దు. అవి చాలా చూశాను.

పెగ్నిట్జ్‌తీరం | 13 ఆగస్టు, మధ్యాహ్నం 2.35

మాస్టారూ, నమస్కారం. న్యూరెంబర్గ్‌లో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను. మోడ్లారాయిట్‌కు మూడుసార్లు వెళ్లాను, వచ్చిన చుట్టాలను తీసుకెళ్లడానికే మూడుసార్లూ.

ముందు ఊరు ఎంత ఉంటుందో చెబుతాను. జనాభా యాభైకి అటూ ఇటూ. ఈ చివర మొదలుపెట్టిన కబురు పూర్తికాకముందే ఊరు అయిపోతుంది. ఒక కుంట, కొన్ని పెంకుటిళ్లు, కొట్టాలు. మధ్యలో టాన్‌బాఖ్ అనే వాగు. వాగు అన్నానని కృష్ణా గోదావరులను ఊహించుకోకండి. మన పొలాల్లో పిల్లకాలువ అంతే. చీర కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుంటే ఒక్క అంగలో దాటవచ్చు. నేను దాటాను కూడా. ఆ ఒక్క అంగకు ఒకప్పుడు ప్రాణం పోయేది.

ఆ వాగుకు ఒక పక్క బవేరియా రాష్ట్రం, టోపెన్ పంచాయతీ. రెండో పక్క తురింగియా రాష్ట్రం, గెఫెల్ పురపాలిక. ఇది రెండో ప్రపంచ యుద్ధం తెచ్చిన సరిహద్దు కాదు, అంతకంటే చాలా పాతది. 1810లో ఇటు బవేరియా రాజ్యం, అటు రాయిస్ అనే చిన్న సంస్థానం హద్దురాళ్లు పాతుకున్నాయి. ఒక వైపు బవేరియా రాజ్యానికి గుర్తుగా ‘కేబీ’, ఇంకో వైపు రాయిస్ సంస్థానానికి గుర్తుగా ‘ఎఫ్ఆర్’ అని చెక్కిన రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి, వెతికి చూడండి. నూటముప్ఫై ఏళ్లకు పైగా ఆ రాళ్లను ఎవరూ పట్టించుకోలేదు. బడీ, సారాయి దుకాణమూ తురింగియా వైపు ఉండేవి. గుడికి బవేరియా వైపు టోపెన్ వెళ్లేవారు. పెళ్లిళ్లు వాగుకు అడ్డంగా జరిగేవి.

యుద్ధం ఓడిపోయాక బవేరియాను అమెరికావాళ్లు, తురింగియాను సోవియట్లు పంచుకున్నారు. ఆ పంపకంలో పిల్లకాలువ కాస్తా రెండు ప్రపంచాల మధ్య గట్టయింది. మిగతా కథ మీరు పిల్లలకు చెప్పిందే.

నిక్కచ్చి | 13 ఆగస్టు, సాయంత్రం 6.02

ఒక చిన్న సవరణ. చాలామంది 1961 అనే అనుకుంటారు. బెర్లిన్‌కు అది నిజం, పల్లెలకు కాదు. తూర్పు జర్మనీ ప్రభుత్వం 1952 మే 26న ఇచ్చిన ఉత్తర్వుతోనే ఊళ్ల సరిహద్దు మూతపడింది. సరిహద్దు వెంట పది మీటర్ల మేర నేల దున్ని, అడుగుల జాడలు కనబడేలా చదును చేసి ఉంచేవారు. అందులో కాలుపెడితే కాల్పులే. దాని వెనక 500 మీటర్ల పట్టీ, ఇంకా వెనక్కి అయిదు కిలోమీటర్ల నిషేధిత ప్రాంతం. ఆ ఏడాది జూన్‌లో, నమ్మకం లేదని తేల్చిన కుటుంబాలను వేలమందిని రాత్రికి రాత్రి సామానుతో సహా లోపలి ఊళ్లకు తరలించారు.

మోడ్లారాయిట్‌లో మొదట వచ్చింది కర్ర పలకల దడి. తర్వాత ముళ్లకంచె. 1966లో కాంక్రీటు గోడ కట్టారు, ఎత్తు 3.3 మీటర్లు, పొడవు 700 మీటర్లు. బెర్లిన్ గోడ తర్వాత అయిదేళ్లకన్నమాట. అమెరికా సైనికులు ఈ ఊరికి ‘చిన్న బెర్లిన్’ అని పేరు పెట్టారు.

విశ్రాంతమాస్టారు | 13 ఆగస్టు, రాత్రి 9.20

నిక్కచ్చి గారూ, మంచి పని చేశారు. ముప్ఫై మూడు బ్యాచీలకు నేను 1961 ఒక్కటే చెప్పాను. ఇప్పుడు వాళ్లందరినీ ఎక్కడని వెతకను?

దేశదిమ్మరి | 14 ఆగస్టు, ఉదయం 11.48

నా మాట కొంచెం చేదుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. యాభై మంది ఉండే పల్లె, వంద మీటర్ల గోడ ముక్క, కాపలా బురుజు, ఆరుబయట నిలబెట్టిన పాత సైనిక వాహనాలు. చూడటానికి గంటన్నర చాలు. ఇంత దూరం, ఇంత ఖర్చు పెట్టి వచ్చినవాళ్లు బాంబర్గ్, రోటెన్‌బుర్గ్ లాంటి అందమైన పట్టణాలు చూడాలి గానీ కాంక్రీటు చూడటం ఎందుకు?

పెగ్నిట్జ్‌తీరం | 14 ఆగస్టు, మధ్యాహ్నం 1.15

దిమ్మరి గారూ, బాంబర్గ్ అందానికి వంక పెట్టను. కానీ మాస్టారు అడిగింది అందం కాదు కదా. బెర్లిన్‌లో గోడ చూడాలంటే ట్రాఫిక్కు మధ్య, ఫొటోలు దిగేవాళ్ల మధ్య నిలబడాలి. ఇక్కడ గోడ ఒకరి పెరటి చివర మొదలై ఇంకొకరి కొట్టం పక్కన ఆగుతుంది. కోళ్లు తిరుగుతుంటాయి. ఇంత చిన్న ఊరికి ఇంత పెద్ద గోడ ఎందుకు కట్టాల్సి వచ్చిందన్న ప్రశ్న బెర్లిన్‌లో నాకు తట్టలేదు, ఇక్కడే తట్టింది.

ఇంకో మాట. పడమటి వైపు నుంచి ఎవరైనా వచ్చి గోడను చూడవచ్చు. బస్సుల్లో వచ్చి చూసిపోయేవారు. 1983 ఫిబ్రవరిలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్ కూడా వచ్చి చూశాడు. తూర్పు వైపు ఆ అయిదు కిలోమీటర్ల ప్రాంతంలోకి రావాలంటే సొంత అక్కకైనా అనుమతి చీటీ ఉండాలి. అవతలి ఒడ్డున ఉన్న చుట్టానికి చెయ్యి ఊపడం కూడా నేరమే. అవతలివాళ్లు పలకరింపుగా చెయ్యి ఊపితే ఇవతలివాళ్లు తల వంచుకుని తమ పని తాము చేసుకోవాలి. మా పక్కింటి పెద్దావిడ ఆ ప్రాంతానిదే. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆమె తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుంటుంది. అలవాటైపోయిందట.

హోఫ్‌లో_చలి | 14 ఆగస్టు, రాత్రి 10.40

మాస్టారూ, నేను కూడా హోఫ్‌లోనే చదువుతున్నాను, కరీంనగర్ మాది. బవేరియా–భారత కేంద్రం మా విశ్వవిద్యాలయంలోనే ఉంది, అందుకని మనవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. మీ అమ్మాయి నాకు తెలిసే ఉంటుంది, పేరు ఇక్కడ రాయకండి.

నావి నాలుగు మాటలు. ఈ ప్రాంతాన్ని ‘బవేరియా సైబీరియా’ అంటారు. ఆ పేరు సరదాకు పెట్టింది కాదు. అక్టోబరు చివరికి స్వెట్టరు మీద కోటు, చెవులకు టోపీ తప్పనిసరి. హోఫ్ నుంచి మోడ్లారాయిట్ కారులో ఇరవై నిమిషాల లోపే, బస్సులు మాత్రం అరకొర. పోయిన ఏడాది నేను బస్సును నమ్ముకుని వెళ్లి, తిరుగు బస్సు లేక టోపెన్ దాకా నడిచాను. అందుకని మా సీనియరు కారు అడుగుదాం. సోమవారం మ్యూజియం తెరుస్తారో లేదో ముందు చూసుకోవాలి.

శాకాహారులైతే హోఫ్ వీధుల్లో మీరు చూసి నవ్వుకోవలసింది ఒకటుంది. ఇత్తడి బానకింద బొగ్గుల నిప్పు పెట్టుకుని వేడివేడి సాసేజీలు అమ్మే మనిషి. ‘వెర్ష్‌ట్లామో’ అంటారు. ఇక్కడ అతనికి విగ్రహం కూడా ఉంది. బాన మాత్రం మన పెళ్లిళ్లలో నీళ్లు కాచే కాగులా మెరుస్తుంటుంది. మీరు తినగలిగింది బంగాళదుంప ఉండలు. ‘క్లోసె’ అంటారు, పిండి ఉడకబెట్టి గుండ్రంగా చేస్తారు. మా అమ్మకు ఫొటో పంపితే ‘ఉప్పు లేని ఉండ్రాళ్లు’ అంది.

గూడ్సుబండి | 15 ఆగస్టు, ఉదయం 8.05

సికింద్రాబాదు నుంచి. రైళ్ల పిచ్చి ఉన్నవాణ్ణి కనుక నా మాట రైలు మాటే.

మాస్టారూ, హోఫ్ స్టేషన్‌లో దిగగానే ఒక్క నిమిషం ప్లాట్‌ఫారం మీద నిలబడండి. 1989 సెప్టెంబరులో వేలమంది తూర్పు జర్మన్లు ప్రాగ్‌లోని పశ్చిమ జర్మనీ రాయబార కార్యాలయం తోటలో చేరి కూర్చున్నారు. వాళ్లను పంపడానికి తూర్పు జర్మనీ ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. రైళ్లు తమ దేశం గుండానే పోవాలంది. పోయేది మా పౌరులు, మేమే పంపుతున్నాం అని చెప్పుకోవడానికి. ఆ రైళ్లు డ్రెస్డెన్, ప్లావెన్ మీదుగా వచ్చి అక్టోబరు 1 ఉదయం ఆగింది ఈ హోఫ్ స్టేషన్‌లోనే. షరతు పెట్టినవాళ్లకు అది బెడిసికొట్టింది. దారి పొడవునా జనం ఆ రైళ్లను చూశారు. వారం తిరక్కుండానే, అక్టోబరు 7న, సర్కారు నలభయ్యో వార్షికోత్సవం జరుపుకుంటుండగా ప్లావెన్ వీధుల్లోకి నిరసనగా పదిహేను వేలమంది వచ్చారు. లైప్‌జిగ్ పేరు అందరికీ తెలుసు, ప్లావెన్ పేరు తెలియదు. ప్లావెన్ అంటే జర్మన్లకు లేసు అల్లికలు గుర్తొస్తాయి, మీ ఆవిడ గారికి నచ్చవచ్చు.

అసలు చెప్పదలచింది గోల్చ్ లోయ వంతెన గురించి. హోఫ్ నుంచి డ్రెస్డెన్ వైపు వెళ్లే రైలు ప్లావెన్ దాటాక దీని మీదుగానే పోతుంది. ఇటుకతో కట్టిన వంతెనల్లో ప్రపంచంలోనే పెద్దది. ఎత్తు 78 మీటర్లు, పొడవు 574 మీటర్లు, రెండు కోట్ల అరవై లక్షల ఇటుకలు. 1846లో మొదలై 1851లో పూర్తయింది. దీనికోసం పోటీ పెడితే 81 నమూనాలు వచ్చాయి. ఇది నిలబడుతుందని లెక్కగట్టి చూపినవాడు ఒక్కడూ లేడు. చివరికి ఆచార్యుడు యోహాన్ ఆండ్రియాస్ షూబర్ట్ తానే లెక్కలు వేసి గీశాడు. తీరా కట్టడం మొదలుపెడితే లోయ మధ్యలో నేల మెత్తగా తగిలింది. అక్కడ స్తంభం దించలేక, కట్టడం మధ్యలోనే ప్లాను మార్చి పెద్ద కమాను వేశారు. మొత్తం వరుసల్లో అది ఒక్కటే వేరుగా కనిపిస్తుంది. నాకు వంతెనలో అన్నిటికన్నా నచ్చేది ఆ తప్పిన లెక్కే.

రైల్లో పోతే వంతెన కనబడదు, గుర్తుంచుకోండి. నెచ్‌కావ్‌లో దిగి కిందికి పోయి తలెత్తి చూడాలి. మెడ నొప్పి పుడుతుంది, మోకాళ్లకు మాత్రం ఇబ్బంది లేదు.

కుట్టుమిషను | 15 ఆగస్టు, మధ్యాహ్నం 3.30

నేను ఇక్కడ ఎప్పుడూ చదివిపోయేదాన్నే, రాయను. కానీ ఆ ప్రాంతంలో నైలా అనే ఊరుంది, దాని సంగతి ఎవరూ ఎత్తలేదు. మాది టైలరింగ్ షాపు. ఈ కథ మా ఆడపిల్లలకు పని నేర్పేటప్పుడు చెబుతుంటాను.

1979 సెప్టెంబరు 16 తెల్లవారుజామున తూర్పు జర్మనీ నుంచి రెండు కుటుంబాలు, నలుగురు పెద్దవాళ్లు, నలుగురు పిల్లలు, ఇంట్లో కుట్టుకున్న వేడిగాలి బెలూన్‌లో సరిహద్దు దాటి నైలా దగ్గర పొలంలో దిగారు. ఎగిరింది ఇరవై ఎనిమిది నిమిషాలే. దానికి ముందు ఏడాదిన్నర పని. మొదటిసారి తీసుకున్న గుడ్డ నేత పలచన, గాలి నిలవలేదు. రెండో బెలూన్ ఒక కుటుంబాన్ని జూలైలో సరిహద్దుకు దాదాపు రెండు వందల మీటర్ల ఇవతలే దించేసింది. చీకట్లో అదంతా అక్కడే వదిలి ఇంటికొచ్చారు, మర్నాటి నుంచి పోలీసులు వెతుకుతున్నారు. మూడోదానికి గుడ్డ ఒకేచోట కొంటే అనుమానం వస్తుందని ఊరూరా తిరిగి ముక్కముక్కగా కొన్నారు. రెయిన్‌కోటు గుడ్డ కొంత, పరుపు గుడ్డ కొంత, దొరికిన రంగల్లా. మొత్తం 1,245 చదరపు మీటర్లు. ఆరు కిలోమీటర్ల దారం! మీలో మిషను తొక్కినవాళ్లు ఎవరైనా ఉంటే ఆ దారం అంటే ఏమిటో తెలుస్తుంది. నిలబడటానికి ఇనుప పలక, పడిపోకుండా చుట్టూ బట్టలారేసే తాడు.

దిగాక అది ఏ దేశమో తెలియదు వాళ్లకు. ఎదురొచ్చిన పోలీసులనే ఇది పడమరేనా అని అడిగారు. ఆ బెలూన్ ఇప్పుడు రేగెన్స్‌బుర్గ్‌లోని బవేరియా చరిత్ర మ్యూజియంలో ఉంది. నేను వెళ్లగలిగితే కుట్లు దగ్గర్నుంచి చూడాలి. రెండు పోగులు వేశారో ఒక్కటే వేశారో ఎవరూ రాయరు, అదే నాకు కావలసింది.

దేశదిమ్మరి | 15 ఆగస్టు, సాయంత్రం 5.05

కుట్టుమిషను గారూ, బాంబర్గ్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీరు తరచూ రాయండి.

సరిహద్దుఊరు | 16 ఆగస్టు, ఉదయం 9.30

మాది ఆసిఫాబాదు వైపు. మోడ్లారాయిట్ అంటే నాకు మా పక్కనున్న మహారాజ్‌గూడ గుర్తొచ్చింది. అక్కడ ఒక ఇల్లు సగం తెలంగాణలో, సగం మహారాష్ట్రలో ఉంది. ఆ మధ్య వార్తల్లో కూడా వచ్చింది. వంటిల్లు ఇటు, కొన్ని గదులు అటు. రెండు ప్రభుత్వాల పథకాలూ అందుతాయి, రెండు చోట్లా పన్ను కడతారు. సరిహద్దు ఊళ్లంటే ప్రపంచమంతా ఒకేలా ఉంటాయనిపిస్తుంది.

నిక్కచ్చి | 16 ఆగస్టు, ఉదయం 10.12

ఒకేలా ఎలా ఉంటాయండీ? మహారాజ్‌గూడలో వంటింట్లోంచి హాల్లోకి వస్తే కాల్చరు కదా.

పెగ్నిట్జ్‌తీరం | 16 ఆగస్టు, మధ్యాహ్నం 12.50

ఇద్దరి మాటా నిజమే. మహారాజ్‌గూడ పోలిక 1810 నుంచి 1945 దాకా ఉన్న మోడ్లారాయిట్‌కు సరిగ్గా సరిపోతుంది. ఇప్పటి మోడ్లారాయిట్‌కూ సరిపోతుంది. మధ్యలోని నలభై ఏళ్లకే సరిపోదు.

ఇప్పటికీ ఆ ఊరు ఒకటి కాలేదు, తెలుసా? 1990లో దేశం ఒకటైంది, రాష్ట్రాల హద్దు అలాగే ఉండిపోయింది. ఇద్దరు మేయర్లు, రెండు పిన్‌కోడ్లు, ఫోన్‌కు రెండు కోడ్లు, కార్లకు రెండు రకాల నంబరు ప్లేట్లు. పలకరింపు కూడా వేరే. బవేరియా వైపు ‘గ్రూస్ గోట్’ అంటారు, దేవుడి పేరు చెప్పి పలకరించడం. తురింగియా వైపు ‘గూటెన్ టాగ్’, అంటే శుభదినం. పండగ సెలవులూ కలవవు. కలిపేయమని ఎవరూ పెద్దగా గోల పెట్టినట్టు నేను వినలేదు. హద్దు ఉంటే వాళ్లకు ఇబ్బంది లేదు, కాపలా ఉంటేనే ఇబ్బంది.

సరిహద్దుఊరు | 16 ఆగస్టు, రాత్రి 8.15

ఆ ఊరి పేరుకు అర్థం ఏమైనా ఉందా? చివర ఆ ‘రాయిట్’ ఏమిటి? బైరాయిట్ అని ఇంకో ఊరు కూడా విన్నాను.

నిక్కచ్చి | 16 ఆగస్టు, రాత్రి 8.50

అడవి నరికి చదును చేసిన చోటు. ఆ ప్రాంతమంతా రాయిట్లే. మ్యున్షెన్‌రాయిట్, గేబర్స్‌రాయిట్ అని పక్కపక్కనే ఉన్నాయి. మీ ఆసిఫాబాదు భాషలో చెప్పాలంటే పోడు.

పాలపిట్ట | 17 ఆగస్టు, ఉదయం 6.20

గోడ గురించి అందరూ రాశారు, గోడ పక్కన గడ్డి గురించి ఎవరూ రాయలేదు. పక్షుల పరిశీలన నా వ్యాపకం, రెండేళ్ల కిందట ఈ సరిహద్దు వెంట నాలుగు రోజులు నడిచాను.

మనుషుల్ని రానివ్వని ఆ పట్టీలో నాలుగు దశాబ్దాలు నాగలి దిగలేదు, ఎరువు పడలేదు. ఇటు బవేరియాలో పొలాలన్నీ గట్లు చెరిపి మడులు కలుపుతుంటే, పొదల్లో గూడు పెట్టే పిట్టలన్నీ అక్కడికి చేరాయి. విన్‌చాట్ అనే పిట్ట ఉంది, పిచ్చుకంత, కంటి మీద తెల్ల గీత. ఎత్తుగా ఒక కర్ర దొరికితే దాని మీదే కూర్చుంటుంది. దానికి సరిహద్దు రాటలు దొరికాయి. పక్షులను లెక్కపెట్టే కుర్రవాళ్లు బవేరియా వైపు నుంచి దుర్భిణీ పెట్టి చూసి, అరుదైన పిట్టలన్నీ ఆ చావు గీత మీదే ఉన్నాయని గుర్తించారు.

గోడ పడిపోగానే, ఈ పట్టీని దున్నేయక ముందే కాపాడాలని రెండు జర్మనీల ప్రకృతి ప్రేమికులు నాలుగు వందల మంది దాకా ఒకచోట కూడి తీర్మానం చేశారు. ఎక్కడో తెలుసా? హోఫ్‌లోనే. 1989 డిసెంబరు 9న. ‘హరిత పట్టీ’ అంటారు, దాదాపు 1,400 కిలోమీటర్లు.

నడిచేవాళ్లకు ఒక హెచ్చరిక. కాపలా వాహనాలు తిరగడానికి వేసిన కాంక్రీటు పలకల బాట ఇంకా ఉంది. పలకల నిండా పిడికిలి పట్టేంత కన్నాలు, ఆ కన్నాల్లోంచి ఇప్పుడు గడ్డి, అడవి పూలు. చూడటానికి బాగుంటుంది, నడిస్తే మడమ మెలిక పడుతుంది. మాస్టారి గారి ఆవిడను ఆ బాట మీద నడిపించకండి.

నిక్కచ్చి | 17 ఆగస్టు, ఉదయం 7.45

పాలపిట్ట గారూ, ఆ తేదీ ఇంకోసారి చూడండి. బెర్లిన్‌లో నవంబరు 9న దారులు తెరిచారు. మోడ్లారాయిట్‌లో మాత్రం ఇంకో నెల గోడ అలాగే ఉంది. ఊరివాళ్లు కొవ్వొత్తులు పట్టుకుని వచ్చి అడిగితే చివరికి గోడలో కాలిబాటకు సందు తెరిచింది డిసెంబరు 9నే. మీ పిట్టల తీర్మానం రోజే. నాకు ఈ రెండూ ఒకే రోజని ఇప్పుడే తట్టింది. 1990 జూన్ 17న యంత్రం పెట్టి గోడ కూల్చారు, మ్యూజియానికని కొంత ఉంచుకున్నారు.

సాగర్‌ఎడమకాలువ | 17 ఆగస్టు, ఉదయం 11.00

నీటిపారుదల శాఖలో పనిచేసి దిగిపోయాను కనుక ఒక్క ముక్క. ఆ దగ్గర్లోనే సాలె నది మీద బ్లైలోఖ్ జలాశయం ఉంది. నీటి పరిమాణంలో జర్మనీలో ఇదే పెద్దది, 1932లో పూర్తయింది. ఎంతనుకున్నారు? ఇరవై ఒకటిన్నర కోట్ల ఘనపు మీటర్లు. మన లెక్కలో ఏడున్నర టీఎంసీలు. మా సాగర్‌కు 312. అయినా పడవల్లో తిరగడానికి బాగుందని మా అబ్బాయి అన్నాడు.

పెగ్నిట్జ్‌తీరం | 17 ఆగస్టు, మధ్యాహ్నం 2.10

టీఎంసీల్లో కొలిచాక జర్మనీ పాపం ఎక్కడ నిలబడుతుందండీ!

మాస్టారూ, ఆ సాలె ఒడ్డునే బ్లాంకెన్‌ష్టైన్ అని చిన్న ఊరు. 169 కిలోమీటర్ల రెన్‌ష్టైగ్ కొండబాట అక్కడే ముగుస్తుంది. ఆ చివర వెర్రా నదిలో ఒక గులకరాయి తీసి జేబులో వేసుకుని నడిచి, ఇక్కడి నీళ్లలో పడేయడం ఆచారం. మీరు నడవనక్కర్లేదు, నీటి ఒడ్డున బల్ల మీద కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు బురద బూట్లతో వచ్చి జేబు తడుముకుంటారు.

విశ్రాంతమాస్టారు | 2 నవంబరు, రాత్రి 8.30

అందరికీ నమస్కారం. ఎల్లుండి తిరుగు ప్రయాణం. మీరు చెప్పినవాటిలో నాలుగు చూశాం. హోఫ్‌లో_చలి అబ్బాయి కారు మాట్లాడిపెట్టడమే కాదు, తానే తోడొచ్చాడు. అతనూ మా అమ్మాయీ ఒకే తరగతి అని తేలింది.

వంతెన చూసి మా ఆవిడ అన్నది ఒకటే మాట. ‘ఇన్ని ఇటుకలు మోసిందెవరు?’ నా దగ్గర జవాబు లేదు. నైలాలో పొలాలు పొలాల్లాగే ఉన్నాయి.

మోడ్లారాయిట్‌కు మొన్న 31న వెళ్లాం. మబ్బు, సన్న తుంపర. నేను నోటుబుక్కు తీసుకెళ్లాను, పాత అలవాటు. గోడ తెల్లగా ఉంది. పైన గుండ్రటి గొట్టం బిగించారు, చేతికి పట్టు దొరక్కుండా. ఇవతల నిలబడితే అవతలి ఇంటి కప్పు, పొగగొట్టం మాత్రమే కనబడతాయి. 1973లో ఒకడు సరిహద్దులోకి వచ్చే అనుమతి ఉన్న డ్రైవరు, వ్యానులో నిచ్చెన వేసుకొచ్చి గోడకు ఆనించి దాటేశాడట. ఈ ఊళ్లో గోడ దాటింది అతనొక్కడేనట. నేను ఆ ఎత్తు చూసి నిచ్చెన ఎన్ని మెట్లుండాలో లెక్క వేస్తూ నిలబడ్డాను. చలికి వేళ్లు రాయనివ్వలేదు.

మా ఆవిడ మోకాళ్ల నొప్పి మరిచిపోయి వాగు మీది చిన్న వంతెన దాటింది, మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లింది. నాలుగుసార్లు లెక్కపెట్టాను. అవతల ఒక పెద్దాయన ఆకులు ఊడుస్తున్నాడు. అమ్మాయి నేర్పిన ‘గ్రూస్ గోట్’ పలికింది ఆయనతో. ఆయన చీపురు ఆపి, వాగు వైపు చూపించి, నవ్వి, ‘గూటెన్ టాగ్’ అన్నాడు. ఈవిడ వంతెన దాటి ఇటొచ్చి, ఇక్కడి నుంచి మళ్లీ ‘గ్రూస్ గోట్’ అంది. అప్పుడాయన చెయ్యి ఊపాడు. పెగ్నిట్జ్‌తీరం గారూ, మీ పక్కింటి పెద్దావిడ నాకు అప్పుడు గుర్తొచ్చారు.

నిక్కచ్చి గారి సవరణ రాసుకున్నాను. పాత విద్యార్థుల వాట్సాప్ బృందంలో పెట్టాను కూడా, 1952 అని. ఒకడు ‘మార్కులు కలుపుతారా సార్’ అని అడిగాడు.

హోఫ్‌లో_చలి | 2 నవంబరు, రాత్రి 9.05

మాస్టారు రొట్టె సంగతి దాచేశారు, నేను చెబుతాను. 31 తురింగియాలో సంస్కరణ దినం, సెలవు. ఆకలేసి గెఫెల్ వెళ్తే దుకాణాలన్నీ మూత. బవేరియా వైపు వచ్చి కొనుక్కున్నాం. మర్నాడు 1వ తేదీ సర్వసాధువుల పండగ, బవేరియాలో సెలవు. హోఫ్‌లో అన్నీ మూత. ఇంట్లో పాలు అయిపోయాయి. కాఫీ లేకపోతే మాస్టారు మాస్టారు కారు.

పెగ్నిట్జ్‌తీరం | 2 నవంబరు, రాత్రి 9.20

అయ్యో, ఆ రెండు రోజుల సంగతి ముందే చెప్పాల్సింది నేను. మరి పాలు?

విశ్రాంతమాస్టారు | 2 నవంబరు, రాత్రి 9.31

తురింగియా వెళ్లి తెచ్చుకున్నాం. రెండు లీటర్లు.